చెవికి పళ్ళ డాక్టరు

మామగారికి ఒకే ఒక్క అలవాటు. ఏ పనైనా సరే, తన చేత్తో మొదలుపెట్టరు. సీసా మూత తీయాలన్నా, అగ్గిపుల్ల గీయాలన్నా, కొత్త సబ్బు మీది కాగితం విప్పాలన్నా అటూ ఇటూ చూసి, ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళ చేతిలో పెట్టేసి, "మీ హస్తవాసి మంచిదండీ, ఓసారి మీరు కానివ్వండి" అంటారు. ఆ 'ఓసారి'లోనే పని మొత్తం పూర్తయిపోతుంది. ఇక ఆయనకి మిగిలేది, "చూశారా, నేను చెప్పలేదూ?" అనడం ఒక్కటే.

వీధి వీధంతా ఆయన్ని హస్తవాసిగారు అనే పిలుస్తుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ, ఆ బిల్లు కవరు కూడా ఆయన చించరు.

సర్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా పనిచేశారు. కొత్త ఫైలు వస్తే, "నీ చేత్తో మొదటి ముక్క రాయవోయ్, ఫైలు చకచకా కదులుతుంది" అని పక్క సీటు గుమాస్తాకి ఇచ్చేవారు. ఆయన చేతిరాత ఎలా ఉంటుందో ఆఫీసులో ఎవరికీ తెలియకుండానే రిటైరయ్యారు. వీడ్కోలు సభలో తన దండ తను వేసుకోలేరు కాబట్టి ఆ ఒక్క పని మాత్రం న్యాయంగా జరిగిందని అత్తగారు ఇప్పటికీ అంటుంటారు.

"హస్తవాసీ లేదు, పాడూ లేదు. బద్ధకానికి ఇస్త్రీ చేసి తొడుక్కుంటారు మీ మామయ్య" అన్నారు ఆవిడ, కోడలు కాపురానికి వచ్చిన రోజునే.

ఆ కోడలు కుళాయిలు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ అధికారి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆమె పని కుళాయిలు తిప్పి చూడటం. తిరగాల్సినది తిరగాలి, ఆగాల్సినచోట ఆగాలి, కారకూడదు. జీవితంలో ఆమెకి ఇంతకుమించిన సిద్ధాంతాలు లేవు. అలాంటి మనిషి చేతికి, అత్తారింట్లో తొలి సాయంత్రమే, నెలల తరబడి బిగుసుకుపోయిన తేనె సీసా వచ్చింది.

"అమ్మాయ్, నీ హస్తవాసి ఎలా ఉంటుందో చూద్దాం."

ఆమె ఒక్క మెలి తిప్పింది. మూత ఊడి వచ్చింది. మామగారు ఆ మూతని పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బిగుసుకుపోయిన సీసాలు, డబ్బాలు, ఒక ప్రెషర్ కుక్కరు పట్టుకుని నిలబడి ఉన్నారు. కోడలికి వీధిలో అందరితోనూ పరిచయం అలా అయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. అసలు గొడవ కారుతో వచ్చింది.

మామగారూ, ఆ మీగడరంగు కారూ ఇంచుమించు ఒకేసారి ఉద్యోగంలో చేరారు. ఆయన రిటైరయ్యారు, కారుకి మాత్రం పొడిగింపు దొరికింది. ఇంజను బాగుంది, బ్రేకులు బాగున్నాయి, సీట్ల మీద కూర్చుంటే లోపలి స్ప్రింగులు పలకరిస్తాయి, అంతే. జబ్బల్లా స్టార్ట్ చేసే తాళానికి. చెవి లోపలికి వెళుతుంది. తిరగదు. ఒక్కోసారి సగం తిరిగి అక్కడే బిగుసుకుంటుంది, ఇటూ రాదు, అటూ పోదు. స్టీరింగుని కొంచెం కుడికి లాగిపట్టి, చెవిని వెంట్రుకవాసి వెనక్కి తీసి, ఊపిరి బిగబట్టి తిప్పితే, ఆ రోజు కారుకి మనసుంటే తిరుగుతుంది.

రోజూ పొద్దున్నే ఆయన కోడల్ని ఫ్యాక్టరీ బస్సు ఆగేచోట దింపాలి, నడిచి వెళతానంటే ఒప్పుకోరు. ఆ బస్సు ఎవరికోసమూ ఆగదు. మామగారేమో తన చేత్తో తాళం తిప్పరు. కాబట్టి రోజూ ఇంటిముందు వేట మొదలయ్యేది.

"పేపరబ్బాయ్! నీ హస్తవాసి మంచిది, ఓసారి ఇలా రా!"

అతను సైకిలు దిగకుండానే మాయమయ్యేవాడు. పాలాయన తిప్పాడు, తిరగలేదు. పక్కింటి బ్యాంకు ఆఫీసరు ఆఫీసు చొక్కాతో వంగి తిప్పి, చెమట తుడుచుకుంటూ వెళ్ళిపోయి, మర్నాటి నుంచి పెరటి దారిన వెళ్ళడం మొదలుపెట్టాడు. నీళ్ళ మీటరు చూడటానికి వచ్చినాయన మీటరు చూడకుండానే తిరిగి వెళ్ళిపోయాడు. కండలు తిరిగిన వ్యాయామం మాష్టారు, "ఇంతోసి దానికి ఇంతమందా?" అని నవ్వి, రెండు చేతులతో తిప్పి, చెవిని కొద్దిగా వంకర చేసి ఇచ్చాడు. దాన్ని మళ్ళీ రాయి మీద పెట్టి సాపు చేసినది కోడలే.

"మామయ్యగారూ, తాళం బాగుచేయించేద్దామండీ."

"చేయిద్దామమ్మా. మంచి చెయ్యి దొరకాలిగా."

"మెకానిక్ చెయ్యి చాలండీ."

"అది ఆఖరు మాట" అన్నారాయన, ఆస్పత్రిలో ఆపరేషన్ మాట విన్నవాళ్ళలాగ.

ఎదురింట్లో పళ్ళ డాక్టరుగారు ఉంటారు. కింద గదిలో ఆస్పత్రి, పైన కాపురం. వీధిలో ఆయన చెయ్యి పడని నోరు లేదు. అయితే కొంతకాలంగా ఆ చేతులు వణకడం మొదలుపెట్టాయి. పళ్ళ డాక్టరు చెయ్యి వణికితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఒక రోజు కుర్చీలో పడుకున్న మనిషి, తన నోటివైపు వస్తున్న పట్టకారు గాలిలో ముగ్గులు వేస్తుండటం చూసి, లేచి, మెడకి కట్టిన తుండుగుడ్డతో సహా వీధిలోకి పరుగెత్తాడు. ఆ గుడ్డ మళ్ళీ తిరిగి రాలేదు. డాక్టరుగారూ మళ్ళీ కిందికి దిగలేదు. బోర్డు తీసేశారు. గోడకి రెండు మేకు కన్నాలు మాత్రం మిగిలాయి. ఎప్పుడైనా చెత్తబుట్ట పెట్టడానికి వచ్చినా, వెంటనే చేతులు జేబుల్లో దోపుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లెక్కేసేవారు.

ఒక పొద్దున ఆయన సరిగ్గా బుట్ట పెట్టి వెనక్కి తిరిగేసరికి, మామగారు కారు పక్కనుంచి కేకేశారు.

"డాక్టరుగారూ! ఒక్క నిమిషం!"

"నాకు పనుందండీ."

"పని మీదే పిలుస్తున్నానండీ. మా తాళంచెవికి ఒంట్లో బాగాలేదు."

డాక్టరుగారు ఆగారు. "చెవి అయితే చెవి డాక్టరుని పిలుచుకోండి. నేను పళ్ళ డాక్టరుని. అదీ ఒకప్పుడు."

"పేరుకి చెవే గానీ, జబ్బు పళ్ళకండీ" అన్నారు మామగారు, చెవిని పైకెత్తి చూపిస్తూ.

కోడలు గడియారం చూసుకుంటూ వెనక సీట్లో కూర్చుని ఉంది. ఎదుటి మనిషి ముఖంలో కోపం వచ్చి, అది దారి తప్పి, నవ్వు అవబోయి ఆగిపోవడం ఆమెకి స్పష్టంగా కనిపించింది. డాక్టరుగారు రోడ్డు దాటి వచ్చి, జేబులోంచి ఒక చెయ్యి బయటికి తీసి, చెవిని అందుకుని వెలుతురుకి ఎత్తిపట్టారు. చెవి గాలిలో వణికింది.

"అరిగిపోయాయి" అన్నారు. "ముందు రెండూ పూర్తిగా పోయాయి. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"అశ్రద్ధ చేశామండీ" అన్నారు మామగారు, తలవంచుకుని.

"శుభ్రం చేస్తున్నారా?"

"నూనె వేస్తున్నామండీ."

"నూనె ఎవరు వేయమన్నారు? దుమ్మంతా పట్టి లోపల పాచిలా పేరుకోదూ? పెన్సిలు ముల్లు పొడి చేసి అద్దండి. పొడిగా ఉండాలి."

"ఇక నుంచీ అద్దుతామండీ. ఇప్పటికి మాత్రం మీ చేత్తో ఓసారి..."

డాక్టరుగారు వెనక్కి తగ్గారు. చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళబోయింది. "నా చేతులు చూస్తున్నారుగా? వేళాకోళమా?"

"మీ హస్తవాసి సంగతి నాకు తెలియదా ఏమిటండీ. నా జ్ఞానదంతం పీకింది మీరే కదా. నేను నోరు మూసేదాకా నాకు తెలియనే లేదు."

హస్తవాసి అనే మాట పేపరబ్బాయికి, పాలాయనకి చెప్పే మాట కాదు. అది డాక్టర్లకి చెప్పే మాట. డాక్టరుగారు ఆ మాట విని చాలాకాలమై ఉండాలి. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని, చెవిని తాళంలో పెట్టి తిప్పబోయారు. చేతి వణుకుకి చెవుల గుత్తి మొత్తం గలగలలాడింది. గలగల, గలగల, టక్! చెవి తిరిగింది. ఇంజను దగ్గి, గొంతు సవరించుకుని, మోగింది.

డాక్టరుగారు తన చెయ్యి వంక చూసుకున్నారు.

కుళాయిల అధికారికి సంగతి వెంటనే అర్థమైంది. తాళం లోపల పల్చటి ఇత్తడి రేకులుంటాయి. చెవి పళ్ళు వాటిని ఒక్కొక్కదాన్ని ఒక్కో ఎత్తుకి లేపితేనే తాళం తిరుగుతుంది. పళ్ళు అరిగాక అవి సరిగ్గా లేవవు. బలంగా తిప్పేవాడి చేతిలో ఆ రేకులు ఎక్కడివక్కడ బిగుసుకుంటాయి. వణికే చేతిలో కిందా మీదా ఎగిరెగిరి, ఏదో ఒక క్షణాన అన్నీ తమ తమ చోట్లలోకి వచ్చి కూర్చుంటాయి. వ్యాయామం మాష్టారి దగ్గర లేనిదీ, డాక్టరుగారి దగ్గర ఉన్నదీ ఆ వణుకే.

"చూశారా, నేను చెప్పలేదూ?" అన్నారు మామగారు.

మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. డాక్టరుగారు రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో దిగేవారు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, వెంట చిన్న టార్చిలైటు, నోట్లో పెట్టి చూసే గుండ్రటి అద్దం తెచ్చుకునేవారు. కారు తలుపు దగ్గర నిలబడి, అలవాటుకొద్దీ, "బాగా తెరవండి, ఇంకాస్త" అనేవారు. తాళం రంధ్రంలోకి టార్చి వేసి, అద్దంలో చూసి, "ఊఁ" అనేవారు. ఆ 'ఊఁ' వింటే ఎవరికైనా పన్ను సలుపుతుంది. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని తిప్పేవారు. ఒక్కోరోజు తొందరగా తిరిగేది, ఒక్కోరోజు అస్సలు తిరిగేది కాదు. ఎంతసేపు పట్టినా మామగారు పక్కనే చేతులు కట్టుకుని, రోగి తాలూకు మనిషిలాగ నిలబడేవారు.

"నొప్పేమైనా ఉందంటారా డాక్టరుగారూ?"

"దానికి లేదు. మీకే ఉన్నట్టుంది."

పనయ్యాక ఇద్దరూ బానెట్టు పక్కన టీ తాగడం కూడా అలవాటైంది. మొదట్లో డాక్టరుగారు కప్పు ముట్టుకునేవారు కాదు. మామగారు, "నాకూ పైదాకా పోస్తే ఒలికిపోతుందమ్మా, ఇద్దరికీ సగం సగమే పొయ్యి" అనడంతో సగం కప్పుల పద్ధతి వచ్చింది. టీ తాగుతూ ఇద్దరూ వీధిలో వెళ్ళేవాళ్ళ పళ్ళ గురించి మాట్లాడుకునేవారు. మనుషులకన్నా ముందు వాళ్ళ పళ్ళు గుర్తొస్తాయి డాక్టరుగారికి. "ఆవిడ కింద వరసలో ఎడమవైపు నాలుగోది నేను కట్టిందే" అని దూరంనుంచే చెప్పేవారు.

ఇదంతా చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, ఫ్యాక్టరీ బస్సు లేనివాళ్ళకి. కోడలు వారంలో సగం రోజులు బస్సు తప్పిపోయి, ఎవరి బండి మీదో చేరి, ఆలస్యంగా వెళ్ళి, సూపర్‌వైజరు ముందు తలవంచుకుంటోంది. "లోకంలో కుళాయిలన్నీ టైముకి తిప్పించే మీరు, మీ టైము మీరు తిప్పుకోలేరా?" అన్నాడాయన. ఫ్యాక్టరీకి పైనుంచి పరీక్షాధికారులు వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి. ఆ రోజు గనక ఆలస్యమైతే ఆమెని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతానని కూడా చెప్పాడు.

అలా ఉండగా, ఒక వారం డాక్టరుగారు దిగడం మానేశారు. ఎవరో బంధువుల ఇంట్లో విందుకి వెళితే, పులుసు చొక్కా మీద ఒలికిందట. అక్కడ ఒకాయన జాలిపడి, చెంచా లాక్కుని, అందరి ముందూ తినిపించబోయాడట. ఆ సంగతి డాక్టరుగారి భార్య అత్తగారికి చెప్పింది, అత్తగారు మామగారికి చెప్పారు. మామగారు పైకి వెళ్ళి తలుపు కొట్టారు. "పడుకున్నాను" అని లోపలినుంచి వినిపించింది. ఆయన కాసేపు నిలబడి కిందికి వచ్చేశారు. ఆ వారమంతా కారు కదల్లేదు. కోడలు బస్సు దాకా నడిచి వెళ్ళింది, టైముకి చేరింది, లోపల్లోపల సంతోషించింది, సంతోషించినందుకు కొంచెం సిగ్గుపడింది.

ఆదివారం నాడు మామగారు వింతగా, పొద్దున్నే ఎవరినీ పిలవకుండా, "ఇవాళ ఎలాగో తిరిగిందే!" అంటూ కారు తీశారు. అత్తగారినీ, కోడల్నీ మార్కెట్టుకి తీసుకెళ్ళారు. తిరిగి వస్తుంటే, ఇంటికి నాలుగడుగుల దూరంలో, వీధి చివర సిగ్నల్ దగ్గర, పచ్చలైటు పడగానే కారు ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"ఆగింది."

"అది తెలుస్తూనే ఉంది. మళ్ళీ తిప్పండి."

"తిరగడం లేదే."

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఒక బస్సు, రెండు లారీలు, లెక్కలేనన్ని స్కూటర్లు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఎండలో ఈలవేస్తూ వచ్చాడు. అత్తగారి ఒళ్ళో కూరల సంచీలు, వాటి మీద ఆవిడ కోపం. మామగారు తలుపు తీసుకుని, "ఇప్పుడే వస్తా, మనిషిని తీసుకొస్తా" అని, ఆ వయసులో ఎవరూ ఆయనలో ఊహించని వేగంతో వీధిలోకి పరుగెత్తారు.

వచ్చేటప్పుడు డాక్టరుగారు వెంట ఉన్నారు. ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం. ఇస్త్రీ లేదు, టార్చి లేదు. చుట్టూ జనం చేరడం చూసి అక్కడే ఆగిపోయారు.

"ఇంతమందిలో నావల్ల కాదండీ."

"మీవల్ల కాకపోతే ఇక్కడ ఇంకెవరివల్లా కాదండీ. అదిగో, మా ఆవిడ దిగిందంటే నన్ను కారుకింద పెడుతుంది."

డాక్టరుగారు అత్తగారి ముఖం చూశారు. అందులో అబద్ధమేమీ కనిపించలేదు. ఆయన కూర్చుని చెవి పట్టుకున్నారు. చెయ్యి మామూలుకన్నా ఎక్కువ వణికింది. గుత్తి గలగలలాడింది. కానిస్టేబుల్ కిటికీలోంచి తల దూర్చాడు.

"ఏంటి సార్, ఈయన చెయ్యి అలా వణుకుతోంది? ఈయనా మీరు తీసుకొచ్చిన మనిషి?"

డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది.

"వణకాలయ్యా!" అని గట్టిగా, బస్సులో వాళ్ళకి కూడా వినపడేలా అన్నారు మామగారు. "దీనికి ఆ వణుకే కావాలి. నీ చెయ్యి వణుకుతుందా? అయితే నువ్వు రా. లేకపోతే పక్కకి తప్పుకో, డాక్టరుగారికి వెలుతురు అడ్డం."

కానిస్టేబుల్ తన చెయ్యి ఒకసారి చాపి చూసుకున్నాడు. అది వణకలేదు. పక్కకి తప్పుకున్నాడు.

గలగల, గలగల, టక్. ఇంజను మోగింది. బస్సులోవాళ్ళెవరో చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత స్కూటర్లవాళ్ళూ కొట్టారు. డాక్టరుగారు కారు దిగి, ఏం చేయాలో తోచక, చెయ్యెత్తి జనానికి నమస్కారంలాంటిది ఏదో పెట్టారు. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆయన దాన్ని జేబులో పెట్టుకోవడం మరిచిపోయారు.

అదంతా బాగానే ఉంది గానీ, వైద్యం మళ్ళీ మొదలైంది, బస్సు మళ్ళీ తప్పసాగింది. పరీక్షాధికారులు వచ్చే రోజు రెండు రోజుల్లోకి వచ్చింది. కోడలు ఇక ఆగలేదు. అత్తగారూ మామగారూ ఏదో పెళ్ళికి వెళ్ళిన పూట, తాళాల మెకానిక్‌ని ఇంటికి పిలిపించింది. అతను పనిముట్ల సంచీతో వచ్చి, కారు చూడగానే నవ్వాడు.

"ఈ బండా? దీని తాళం నేనే కదమ్మా మార్చింది!"

"ఎప్పుడు?"

"చాన్నాళ్ళయింది. పెద్దాయనే తీసుకొచ్చారు. 'లోపల పాడై ఎక్కడైనా నడిరోడ్డు మీద నిలిచిపోతే ప్రమాదం, కొత్తది వెయ్యి' అన్నారు. వేశాను. పాత పళ్ళ కొలతకే కట్టి, రెండు కొత్త చెవులు కూడా కోసిచ్చాను. వేలితో తిప్పితే తిరుగుతాయి. మొదట నాచేతే తిప్పించారు, నా హస్తవాసి మంచిదట."

కోడలు తన చేతిలోని చెవి చూపించింది. మెకానిక్ దాన్ని చూసి నోరెళ్ళబెట్టాడు.

"ఇంకా ఇదే పెట్టి తిప్పుతున్నారా? పారేస్తానంటే పెద్దాయన నా చేతిలోంచి లాక్కున్నారు. 'అమ్మో, దీంతో ఇంకా పనుంది' అన్నారు. ఏం పనో నేనడగలేదు."

ఆ సాయంత్రం మామగారు పెళ్ళినుంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే, కోడలు ఎదురుగా నిలబడింది.

"మామయ్యగారూ, ఇవాళ తాళాల మెకానిక్ వచ్చాడండీ."

మామగారు ముందు లోపలి గదివైపు చూశారు. అత్తగారు నగలు తీసిపెట్టే పనిలో ఉన్నారు. ఆయన గొంతు తగ్గించారు. "మీ అత్తయ్యకి చెప్పావా?"

"లేదండీ. కొత్త చెవి ఎక్కడుంది?"

ఆయన చొక్కా జేబు తడుముకుని తీశారు. మెరుస్తోంది.

"ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా?"

"ఇంకెక్కడ పెట్టనమ్మా? ఇంట్లో పెడితే మీ అత్తయ్యకి దొరుకుతుంది."

"అయితే ఆ ఆదివారం, సిగ్నల్ దగ్గర..."

"జేబులోనే ఉంది. పరుగెత్తుతుంటే గుచ్చుకుంది కూడా." ఆయన కాస్త నసిగారు. "ఏం చెయ్యమంటావు? తలుపు తట్టి, 'డాక్టరుగారూ, దిగులుపడకండి, కిందికి రండి' అంటే వస్తారా? పరామర్శ అంటే ఆయనకి ఒళ్ళు మంట. పన్ను బాగాలేదంటే మాత్రం నిద్రలోంచి లేచి వస్తారు. పిలిచిన మొదటి రోజు నిజంగానే చెవి తిరగలేదమ్మా, నా మీద ఒట్టు. తర్వాత తిరగకపోవడమే బాగుందనిపించింది."

"అయితే మిగతావాళ్ళందరితో, సీసాలూ, డబ్బాలూ, అవన్నీ కూడా ఇలాంటివేనా?"

"అబ్బే! అవన్నీ బద్ధకమే" అన్నారాయన నిజాయితీగా. "మీ అత్తయ్య చెప్పింది నిజం. డాక్టరుగారికి మాత్రం తెలియనివ్వకు. ఆయనకి తెలిసిందో, మళ్ళీ ఆ మెట్లు దిగరు."

మర్నాడు పొద్దున్న డాక్టరుగారు మామూలుగానే దిగారు. అద్దం, టార్చి, 'ఊఁ'. మామగారు టీ కోసం లోపలికి వెళ్ళారు. కారు పక్కన కోడలూ, డాక్టరుగారూ మిగిలారు. ఆమె ఉండబట్టలేక, తాళం వంక చూస్తూ, "పాపం, బాగా పాతబడిపోయింది కదండీ" అంది.

డాక్టరుగారు అద్దం తుడుచుకుంటూ ఆమెవైపు తిరిగారు. "ఏం పాతది? అది కొత్త తాళం."

ఆమె జారబోయిన చేతిసంచీ పట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు కట్టుడుపళ్ళు పెట్టినవాణ్ణి. కొత్త పన్నేదో పాత పన్నేదో ఆ మాత్రం తెలియదనుకున్నావా? మార్చిన మర్నాడే చూశాను. అద్దంలో తళతళలాడుతోంది. చెవి మాత్రం అదే పుచ్చు చెవి."

"మరి మీరు... అన్నీ తెలిసీ రోజూ ఎందుకొస్తున్నారండీ?"

డాక్టరుగారు ఇంటివైపు ఒకసారి చూసి, ఆమెకి దగ్గరగా జరిగారు.

"మీ మామయ్య కోసమేనమ్మా. రిటైరయ్యాక మనిషికి తోచడం లేదు. ఏ పనీ ఒంటరిగా మొదలుపెట్టలేడు, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నేనూ రాకపోతే ఏమైపోతాడు చెప్పు? పోనీలే పాపం అని దిగుతున్నాను." వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. వేలు వణికింది. "ఆయనకి మాత్రం తెలియనివ్వకు. చిన్నబుచ్చుకుంటాడు."

మామగారు రెండు సగం కప్పులతో వచ్చారు. డాక్టరుగారు సీట్లో కూర్చుని చెవి పెట్టారు. అది ఆ రోజు తిరగనే లేదు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కోడలివైపు చూసి, కళ్ళతోనే, చెప్పకు సుమా అన్నారు. ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, బిగబట్టిన ముఖంతో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఆ రోజే ఆమె ఫ్యాక్టరీకి వెళుతూనే సూపర్‌వైజరు గదిలోకి నడిచి, తనని రెండో బస్సు షిఫ్టుకి మార్చమని అడిగింది. రేపు పరీక్షాధికారులు కూడా ఆ వేళకే వస్తున్నారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదని చెప్పింది.

"ఎందుకమ్మా? పొద్దున్నే రావడానికి ఏమైంది?"

"మా కారు స్టార్టవడానికి చాలాసేపు పడుతోందండీ. తాళం తొందరగా తిరగడం లేదు."

"ఆ మాత్రానికి షిఫ్టు మార్చుకోవడమెందుకు? బాగుచేయించుకోవచ్చు కదా?"

"బాగుచేయించేశామండీ" అంది కోడలు.